లూర్‌కి హుక్ మార్చడం, బిగించడం ఎలా?

లూర్ అంటే చేపని మోసగించే కృత్రిమ ఎర. దానితో పాటు వచ్చిన హుక్‌నే, అంటే గాలాన్నే, ఎప్పటికీ వాడాలన్న రూలేమీ లేదు. మొన మొద్దుబారొచ్చు, తుప్పు పట్టొచ్చు, పెద్ద చేప లాగితే వంపు సాగి నిటారుగా అయిపోవచ్చు. మూడు మొనల ట్రెబుల్ హుక్ తీసేసి ఒంటి హుక్ వేసుకోవాలని మీకే అనిపించవచ్చు. చెయ్యి అలవాటైతే మార్చడం అయిదు నిమిషాల పని. కానీ ఇది చొక్కాకి గుండీ కుట్టడం లాంటిది కాదు, చేతికి దొరికింది వేసేయడానికి. లూర్ తేలడం, మునగడం, ఊగడం అన్నీ దాని హుక్కుల బరువుని కూడా కలుపుకునే లెక్క కట్టి ఉంటాయి. హుక్ మార్చారంటే లూర్‌నే మార్చినట్టు. కాబట్టి కొత్తది తగిలించగానే పని అయిపోయిందనుకోకండి. నీళ్లలో వేసి చూసేదాకా సగమే అయినట్టు లెక్క.

ముందు చేతులు భద్రం

రెండు ట్రెబుల్ హుక్కులున్న లూర్‌కి వెనక హుక్ మారుస్తున్నామనుకోండి. మన చూపంతా ఆ హుక్ తగిలి ఉన్న వెనక రింగు మీదే ఉంటుంది. పొట్ట కింద వేలాడే ముందు హుక్కు మూడు మొనలూ సరిగ్గా అరచేతి దగ్గరే ఉంటాయి. ప్లయర్ జారిందంటే గుచ్చుకునేది అదే. నాకు బొటనవేలి మొదట్లో దిగింది అలాగే. అప్పటినుంచి, పని లేని హుక్‌కి ముందే టేపు చుట్టేస్తాను, లేదా మొనలకి చిన్న కార్కు ముక్క గుచ్చుతాను. కళ్లజోడు పెట్టుకోండి, పవర్ లేనిదైనా సరే. స్ప్రింగులా బిగిసి ఉన్న రింగు ఒక్కోసారి ఎగిరి ముఖం మీదికి వస్తుంది.

హుక్ లోతుగా దిగితే వచ్చిన దారినే బలంగా వెనక్కి లాగకండి. మొన వెనక ఎదురుగా పొడుచుకొని ఉండే చిన్న ముల్లు, అదే బార్బ్, కండని చీల్చేస్తుంది. కంటి దగ్గరో, కీలు దగ్గరో దిగితే అసలు ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ సంగతి కూడా అక్కడే చెప్పండి.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. స్ప్లిట్ రింగ్ ప్లయర్ ఒకటి, వైరు కత్తిరించే కట్టర్ ఒకటి, సన్నని ఆకురాయి ఒకటి, ఓ బక్కెట్ నీళ్లు. స్ప్లిట్ రింగ్ ప్లయర్ అంటే ఒక దవడ చివర పక్షి ముక్కులా కిందికి వంగిన చిన్న పన్ను ఉండేది. గోళ్లతోనో, కత్తి మొనతోనో రింగు తెరుద్దామనుకునేవాళ్లు ఉన్నారు. గోరు విరుగుతుంది, కత్తి జారుతుంది. ఈ ఒక్క పనిముట్టు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

హుక్ ఎంచుకోవడం

నంబర్ల దగ్గర కొత్తవాళ్లందరూ తికమకపడతారు. 8 కన్నా 6 పెద్దది, 6 కన్నా 4, 4 కన్నా 2 పెద్దవి. అంటే నంబర్ తగ్గేకొద్దీ హుక్ పెరుగుతుంది. 1 దాటాక లెక్క తిరగబడుతుంది. 1/0 కన్నా 2/0 పెద్దది, దానికన్నా 3/0 పెద్దది. పోనీ ఇది బట్టీపట్టినా సరిపోదు, ఒక కంపెనీ 4 ఇంకో కంపెనీ 4కి సరిగ్గా సమానంగా ఉండదు. కాబట్టి నంబర్‌ని నమ్మి ఊరుకోకుండా పాత హుక్కునీ కొత్త హుక్కునీ బల్ల మీద పక్కపక్కన పెట్టి కంటితో పోల్చండి. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే బరువు కూడా చూడండి.

ప్యాకెట్ మీద 2ఎక్స్, 3ఎక్స్ అని ఉంటే ఆ సైజుకి మామూలుగా వాడేదానికన్నా మందమైన తీగతో చేశారని అర్థం. మందం ఎక్కువ కదా, మంచిదే అనుకోవద్దు. మందమైన మొన చేప దవడలోకి దిగాలంటే గట్టి రాడ్, బలమైన గుంజు కావాలి. మెత్తని రాడ్‌తో, సన్నని లైన్‌తో ఆడేవాళ్లకి సన్నని తీగ హుక్కే హాయిగా దిగుతుంది. పైగా మందమైనది బరువు కూడా.

సైజు సరిపోయిందా లేదా అన్నది లూర్‌ని చేతిలో పట్టుకునే తేల్చుకోవచ్చు. ముందు హుక్‌ని వెనక్కి, వెనక హుక్‌ని ముందుకి వేలితో తోసి చూడండి. రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. తాకాయంటే గాల్లో విసిరినప్పుడు పెనవేసుకుంటాయి, లూర్ ముద్దలా వచ్చి నీళ్లలో పడుతుంది. తర్వాత ముందు హుక్‌ని ముక్కు వైపు తోయండి. లైన్ కట్టే కన్ను, అంటే ముక్కు దగ్గరి చిన్న వలయం, దాకా అందకూడదు. ఆఖరికి లూర్‌ని ఎదురుగా పెట్టి చూడండి. హుక్ మొనలు లూర్ పొట్ట వెడల్పుకి అటూ ఇటూ కాస్తయినా బయటికి కనిపించాలి. పొట్ట చాటున దాక్కున్న మొన చేపని ఏం పట్టుకుంటుంది?

రింగు తెరవడం, హుక్ ఎక్కించడం

స్ప్లిట్ రింగ్ అంటే తాళాల గుత్తికి ఉండే రింగే, ఇంకా చిన్నది. తీగని రెండు చుట్లు చుట్టి బిగించినది. దాని రెండు చుట్ల మధ్య సందులోంచే హుక్ కన్ను, అంటే హుక్ తల దగ్గరి వలయం, ప్రయాణం చేయాలి.

మొదట రింగు మీద తీగ చివర ఎక్కడుందో వెతకండి. వెలుతురులో తిప్పితే చిన్న మెట్టులా కనిపిస్తుంది. ఆ మెట్టుకి ఓ మిల్లీమీటరు ఇవతల ప్లయర్ పన్నుని రెండు చుట్ల మధ్యకి దించి మెల్లగా నొక్కండి. సందు తెరుచుకుంటుంది. కన్ను దూరేంత తెరిస్తే చాలు. అలా తెరిచి పట్టుకునే, రెండో చేత్తో పాత హుక్ కన్నుని ఆ సందులోకి తెచ్చి, చుట్టు వెంబడి తిప్పుకుంటూ బయటికి తీసేయండి. కొత్తదాన్ని తీగ చివర దగ్గర సందులోకి గుచ్చి, ప్లయర్ వదిలేసి, కన్నుని చుట్టు వెంబడి పూర్తిగా తిప్పండి. టప్‌మని లోపలికి పడి, రింగు మీద స్వేచ్ఛగా జారడం మొదలుపెడుతుంది.

తర్వాత ఒకసారి ఆగి చూడండి. హుక్ కన్ను ఇంకా రెండు చుట్ల మధ్యే ఇరుక్కుని ఉందా? రింగు మళ్లీ మూసుకుందా, లేక చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తోందా? వెలుతురు కనిపిస్తే ఆ రింగు పని అయిపోయినట్టే, పారేయండి. ప్లయర్‌తో నొక్కి సరిచేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ లోపల బిగువు ఉండదు. నేను ఒకసారి అలా నొక్కి సరిపెట్టుకున్నాను. చేప ఒడ్డు దాకా వచ్చింది, నీడ కూడా కనిపించింది, లైన్ ఒక్కసారిగా వదులైంది. లాగి చూస్తే లూర్ ఉంది, వెనక హుక్ లేదు, రింగు మాత్రం ప్రశ్నార్థకంలా తెరుచుకుని ఉంది. రింగు చాలా చిన్న వస్తువు, హుక్‌తో పాటు దాన్నీ మార్చేయడమే నయం.

లైన్ కట్టే చోట కూడా స్ప్లిట్ రింగ్ ఉంటే ముడి సరిగ్గా ఆ మెట్టు మీదికి రాకుండా చూసుకోండి. తీగ చివర పదునుగా ఉంటుంది, నైలాన్‌ని మెల్లగా కోస్తుంది.

ట్రెబుల్ తీసి ఒంటి హుక్ వేయాలంటే

దీనివల్ల లాభాలున్నాయి. నాచు తక్కువ తగులుకుంటుంది, చేపని వదిలేయాలనుకుంటే దానికి గాయం తక్కువ, మీ వేళ్లకీ ప్రమాదం తక్కువ. కానీ ఏ ఒంటి హుక్ పడితే అది పనికిరాదు. మామూలు హుక్‌ని బల్ల మీద పడుకోబెట్టండి. దాని కన్ను బల్ల మీద నిలువుగా నిలబడుతుంది, పైనుంచి చూస్తే రంధ్రం కనిపించదు. లూర్లకని చేసే ఇన్‌లైన్ హుక్‌ని పడుకోబెడితే కన్ను కూడా దానితో పాటే పడుకుంటుంది, రంధ్రం పైకి కనిపిస్తుంది. రింగుకి తగిలించినప్పుడు హుక్ లూర్ ఒంటికి సమంగా, అడ్డం తిరగకుండా వేలాడేది ఈ రెండో రకమే. మీ దగ్గర మామూలు రకమే ఉంటే ఇంకో స్ప్లిట్ రింగ్ కలపండి. రింగుకి రింగు తగిలిస్తే హుక్ పావు చుట్టు తిరిగి సరైన వైపుకి వస్తుంది. కాకపోతే హుక్ ఇంకాస్త కిందికి జారుతుంది కాబట్టి పెనవేసుకునే పరీక్ష మళ్లీ చేయాలి.

సైజు ట్రెబుల్ కన్నా ఒకటి రెండు మెట్లు పెద్దది తీసుకోండి. మూడు మొనలు చేసే పని ఒక్క మొనే చేయాలి కదా, హుక్ నోరు, అంటే మొనకీ కాడకీ మధ్య ఖాళీ, కాస్త వెడల్పుగా ఉండాలి. బరువు కూడా దాదాపు సరిపోతుంది. పొట్ట కింది హుక్ మొన ముక్కు వైపు చూసేలా, తోక హుక్ మొన పైకి చూసేలా పెట్టడం ఎక్కువమంది పాటించే పద్ధతి. నేనూ అలాగే పెడతాను.

బక్కెట్‌లో పరీక్ష

ఇదే అసలు పని. ఎవరూ చేయనిదీ ఇదే.

తేలే లూర్ అయితే నీళ్లలో వదిలి, ఇంతకుముందు ఎలా తేలేదో అలాగే తేలుతోందా, తోక కిందికి వాలిపోయిందా చూడండి. నీటి మధ్యలో ఆగి నిలిచే రకం, సస్పెండింగ్ అంటారే, దానికి ఇంకా జాగ్రత్త కావాలి. వీటి బరువు వెంట్రుకవాసి లెక్క మీద నిలబడి ఉంటుంది. హుక్ ఒక సైజు పెంచితే చాలు, ఆగాల్సింది మెల్లగా అడుక్కి జారిపోతుంది. తగ్గిస్తే పైకి తేలుతుంది. ఇంకో మెలిక, చల్లటి నీళ్లు వెచ్చటి నీళ్లకన్నా చిక్కన. వెచ్చటి బక్కెట్‌లో కదలకుండా నిలిచిన లూర్ చలికాలపు చెరువులో నెమ్మదిగా పైకి లేస్తుంది. వీలైతే చేపలు పట్టే చోటే, ఒడ్డు పక్కన అదే నీళ్లలో చూసుకోవడం మంచిది.

తర్వాత లాగి చూడాలి. రాడ్ చివర నుంచి రెండు మీటర్ల లైన్ వదిలి, ఒడ్డు వెంబడి మామూలు వేగంతో లాగండి. తిన్నగా వస్తే సరే. ఒక పక్కకి పోతుంటే ముందు హుక్కులే చూడండి. ఒకటి అడ్డం తిరిగి ఒంటికి అతుక్కుందా, రింగులో ఇరుక్కుందా అని. అవన్నీ బాగుండీ పక్కకే పోతుంటే అప్పుడు ముక్కు దగ్గరి కన్నుని ముట్టుకోండి. వెనకనుంచి చూసినప్పుడు లూర్ ఎడమకి పోతుంటే కన్నుని కుడికి, కుడికి పోతుంటే ఎడమకి, కనీకనిపించనంత వంచండి. వంచాలి, మెలితిప్పకూడదు. మెలితిప్పితే కన్ను లోపల వదులైపోతుంది. మళ్లీ లాగి చూసి, మళ్లీ కొంచెం. ఊగడం బద్ధకంగా ఉంటే హుక్ బరువెక్కిందని అర్థం.

1936లో ఫిన్‌లాండ్‌లో లౌరి రపాలా కార్కు చెక్కి తన మొదటి లూర్ చేసుకున్నాడు. ఆయన పేరుతో వచ్చిన కంపెనీ ప్రతి లూర్‌నీ నీళ్ల తొట్టెలో ఈదించి సరిచూస్తామని ఇప్పటికీ చెప్పుకుంటుంది. మనం హుక్ మార్చగానే ఆ సరిచూడడం ఇక చెల్లదు, మళ్లీ మనమే చూసుకోవాలి.

మెత్తని ప్లాస్టిక్ ఎరలకి

ఇక్కడ రింగులూ ప్లయర్లూ ఉండవు, అంతా చేతి ఒడుపే. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఎర నిటారుగా ఉండాలి. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, లైన్ మెలికలు పడుతుంది, చేప దగ్గరికే రాదు.

తలకి సీసం ఉండే జిగ్ హెడ్ అయితే గుచ్చేముందు కొలత తీసుకోండి. హుక్‌ని ఎర పక్కన ఆనించి, ఎర ముక్కుని సీసం తల వెనక అంచుకి సమంగా పెట్టి, హుక్ వంపు ఎక్కడికి వచ్చిందో అక్కడ గోటితో గుర్తు పెట్టండి. మొనని ముక్కు నడిమధ్యన దించి, ఎరని సాక్స్ తొడిగినట్టు కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, గుర్తు దగ్గర వీపు మీదుగా మొనని బయటికి తీయండి. గుర్తు కన్నా ముందే బయటికి వస్తే ఎర సాగుతుంది, దాటాక వస్తే ముడతలు పడుతుంది. తప్పితే ఒకసారి తీసి మళ్లీ గుచ్చొచ్చు. మూడోసారికి రంధ్రం పెద్దదై ఎర జారిపోతుంటుంది.

నాచు, కొమ్మలు ఉన్న చోట మొన దాచాలి. దానికి టెక్సస్ రిగ్ అనే కూర్పు ఉంది. మెడ దగ్గర మెట్టులా వంపు ఉన్న ఆఫ్‌సెట్ హుక్ కావాలి. లైన్‌కి ముందు తుపాకి గుండు ఆకారపు సీసం ఎక్కించండి, కోసు మొన రాడ్ వైపు ఉండాలి. తర్వాత హుక్ కట్టండి. ఇది మరిచిపోయి ముడి వేసేశాక గుర్తొచ్చి ముడి కోసుకోవడం నాకు ఇప్పటికీ మామూలే.

ఇప్పుడు మొనని ఎర ముక్కు మధ్యలో అర సెంటీమీటరు దించి, పొట్ట వైపునుంచి బయటికి తీయండి. హుక్‌ని ఆ రంధ్రంలోంచి లాగుతూ, మెడ మెట్టు ముక్కు దగ్గరికి వచ్చేదాకా తేండి. హుక్‌ని సగం చుట్టు తిప్పితే మొన ఎర వైపు చూస్తుంది, కన్ను ముక్కులో దాక్కుంటుంది. ఎరని నిలువుగా వేలాడదీసి హుక్ వంపు ఎక్కడ తాకుతోందో చూడండి. సరిగ్గా ఆ చోట, ఎరని కొంచెం పైకి ముడిచి, పొట్టలోంచి వీపు మీదికి మొన గుచ్చండి. వదిలితే ఎర నిటారుగా పడాలి. గూనివీపులా వంగి ఉంటే కాస్త ముందు, బిగుసుకుపోతే కాస్త వెనక గుచ్చాల్సింది. ఆఖరున మొన మీదికి ఎర తోలుని సన్నగా, కాగితం మందాన మాత్రమే ఎక్కించండి. వేలితో వీపు నిమిరితే గుచ్చుకోకూడదు, ఎరని నొక్కితే మొన బయటపడాలి. ఈ రెండూ జరిగితే బాగా కుదిరినట్టు.

హుక్ నోరు ఎర మందానికి సుమారు రెండింతలు ఉండేలా చూసుకోండి. లావు ఎరని ఇరుకు హుక్‌కి గుచ్చితే చేప నొక్కినప్పుడు ప్లాస్టిక్ అంతా వంపులోనే ఇరుక్కుని మొనకి దారి ఉండదు. టెక్సస్ రిగ్‌తో చేపలు జారిపోతున్నాయని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే.

నడుముకి హుక్ గుచ్చే వాకీ రిగ్‌కి పెద్ద కథ లేదు. ఎర మధ్యలో రబ్బరు ఓ-రింగ్ తొడిగి, హుక్‌ని దాని కిందినుంచి పోనిస్తే సరి. నేరుగా ఎరకే గుచ్చితే రెండు విసుర్లకే తెగిపోతుంది.

లోహపు జిగ్‌కి అసిస్ట్ హుక్

లోతు నీళ్లలో ఎగరేసే బరువైన లోహపు జిగ్‌కి హుక్ కింద కాదు, పైన లైన్ వైపు కట్టాలి. బలమైన దారపు ఉచ్చుకి కట్టి అమ్మే ఈ హుక్కుల్ని అసిస్ట్ హుక్ అంటారు. వీటికి రెండు రింగులు కావాలి. ఒకటి సందు లేని సాలిడ్ రింగ్, ఇంకోటి స్ప్లిట్ రింగ్. అసిస్ట్ దారాన్ని సాలిడ్ రింగ్‌కి ఉచ్చు వేసి బిగించండి. లైన్ ముడి కూడా సాలిడ్ రింగ్‌కే. స్ప్లిట్ రింగ్ జిగ్‌నీ సాలిడ్ రింగ్‌నీ కలుపుతుంది, అంతే. ఇలా కడితే చేప గుంజే బలమంతా హుక్ నుంచి దారం, సాలిడ్ రింగ్ మీదుగా లైన్‌కి పోతుంది, స్ప్లిట్ రింగ్ మీద జిగ్ బరువు తప్ప ఏమీ పడదు. తొందరలో లైన్‌ని స్ప్లిట్ రింగ్‌కే కట్టేసేవాళ్లు చాలామంది. హుక్ కిందికి వేలాడినప్పుడు జిగ్ సగం పొడవు దాటకుండా ఉండాలి, దాటితే జిగ్ తోకని పట్టుకుని చుట్టుకుపోతుంది.

పని అయ్యాక

మొన పదును చూడాలంటే బొటనవేలి గోరు మీద మొనని బరువు పెట్టకుండా ఈడ్చండి. గీత పడి ఆగితే పదును ఉంది, జారిపోతే లేదు. ఆకురాయిని మొన వైపుకే, ఒకే దిశలో రెండు మూడుసార్లు రుద్దండి. రసాయనాలతో పదును పెట్టిన సన్నని హుక్కుల్ని ఎక్కువ రుద్దకండి, పై పూత పోయి తుప్పు పడుతుంది. వాటిని మార్చేయడమే తేలిక. చేపల్ని వదిలేసేవాళ్లు బార్బ్‌ని ప్లయర్‌తో నొక్కి చదును చేసుకోవచ్చు. అప్పుడు లైన్ వదులు కాకుండా చూసుకోవాలి, హుక్‌ని పట్టి ఉంచేది ఆ బిగువే.

ఉప్పునీటిలో వాడితే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. తడి లూర్ ఒక్కటి చాలు, డబ్బాలో ఉన్న అన్నిటికీ తుప్పు అంటించడానికి. మెత్తని ఎరల్లో బాగా సాగే టీపీఈ రకాన్ని మామూలు ప్లాస్టిక్ ఎరలతో కలిపి పెట్టకండి, ఒకదానికొకటి తగిలి కరిగి జిగురు ముద్దైపోతాయి.

లూర్ నుంచి తీసిన మొదటి హుక్ సైజు, దాని బరువు, మీరు వేసిన కొత్తదాని సైజు డబ్బా మూత లోపలి వైపు మార్కర్‌తో రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఆ లూర్ ఎందుకు సరిగ్గా ఊగట్లేదని బుర్ర గోక్కునేటప్పుడు పనికొస్తుంది.